రీస్టోర్‌ను ఎక్కడ ఆపాలి: సరిహద్దు దుకాణం లెక్కలతో ఒక పరిశీలన

బ్యాకప్ ఉందా అని అడిగితే అవుననో లేదనో ఒక్క మాటలో చెప్పవచ్చు. ఉన్న బ్యాకప్‌ను తిరిగి ఎక్కించేటప్పుడు, అంటే రీస్టోర్ చేసేటప్పుడు, ఏ క్షణం దాకా ముందుకు నడిపి ఆపాలన్నది మాత్రం అంత తేలికగా తేలేది కాదు. నిమిషం ముందు ఆపితే మంచి పద్దులు కొన్ని పోతాయి. సెకను ఆలస్యంగా ఆపితే, ఏ పొరపాటును వదిలించుకోవడానికి ఇంత శ్రమ పడ్డారో ఆ పొరపాటే మళ్లీ వచ్చి డేటాబేస్‌లో కూర్చుంటుంది. పెద్ద సంస్థల్లో ఈ నిర్ణయం తీసుకోవడానికి వేరే మనుషులు ఉంటారు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వంటి ఒడిశా సరిహద్దు ఊళ్లలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దుకాణంలో ఓ మూలనున్న కంప్యూటర్‌లో నడుస్తుంది. దాన్ని అమర్చినతను శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఉండి ఫోన్‌లో చెబుతుంటే, ఇక్కడ గుమస్తా కీబోర్డు మీద కొడతాడు. రీస్టోర్ ఎక్కడ ఆగాలో తేల్చేది ఆ ఫోన్ సంభాషణే కాబట్టి, అందులో ఏ ప్రశ్నలు రావాలో ముందే తెలిసి ఉండడం అవసరం.

ఒక నమూనా సందర్భం తీసుకుందాం. గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడిలో ఒక హోల్‌సేల్ కిరాణా వ్యాపారం ఉందనుకోండి. సరుకు ఒకపక్క కాశీనగర్, గుణుపురం దుకాణాలకు, మరోపక్క సరిహద్దు దాటి పాతపట్నం, మెళియాపుట్టి దుకాణాలకు వెళ్తుంది. ఖాతాదారుల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కిస్తారు గానీ, తెలుగు గుమస్తా విశ్వనాథ్ అని ఎక్కించిన మనిషినే ఒడియా గుమస్తా బిశ్వనాథ్ అని ఎక్కిస్తాడు. ఏడాది తిరిగేసరికి ఒకే దుకాణానికి రెండేసి ఖాతాలు తయారవుతాయి. వాటిని కలిపేయాలని ఒక గురువారం ఉదయం ఎవరో ఒక ఆదేశం నడిపారు. అది దగ్గరగా ఉన్న పేర్లను చూసింది గానీ జీఎస్‌టీ నంబరును చూడలేదు. దాంతో పర్లాకిమిడిలో ఒకటి, పాతపట్నంలో ఒకటి ఉన్న ఒకే పేరు దుకాణాలు రెండూ ఒకే ఖాతాలో కలిసిపోయాయి. ఒకరి నంబరు ఒడిశా కోడ్ 21తో, మరొకరిది ఆంధ్రప్రదేశ్ కోడ్ 37తో మొదలవుతాయి. రాష్ట్రం లోపలి అమ్మకానికి సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ పడతాయి, సరిహద్దు దాటిన అమ్మకానికి ఐజీఎస్‌టీ పడుతుంది. కాబట్టి చెడింది బాకీల మొత్తం ఒక్కటే కాదు, పన్ను లెక్క కూడా. ఆదేశం 11:38కి మొదలై 11:42:17కి కమిట్ అయింది, అంటే దాని మార్పులు డేటాబేస్‌లో ఖరారయ్యాయి. 12:30కి ఒక డీలరు తన బాకీ చూసి గొడవపడితే గానీ విషయం బయటపడలేదు. ఈలోగా 1184 నుంచి 1209 వరకు 26 బిల్లులు కొట్టేశారు. చివరి పూర్తి బ్యాకప్ ఆదివారం రాత్రిది.

పాత తెలుగు వ్యాపారి దగ్గర చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. జరిగింది జరిగినట్టు వరుసగా చిట్టాకెక్కేది. తర్వాత తీరిగ్గా ఎవరి ఖాతా కింద వారిది ఆవర్జాలోకి ఎక్కించేవారు. పోస్ట్‌గ్రెస్‌ఎస్‌క్యూఎల్ (వాడుకలో పోస్ట్‌గ్రెస్) అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పనిచేసే తీరు ఇదే. ప్రతి మార్పునూ ముందు రైట్ అహెడ్ లాగ్‌లో, అంటే వాడుకలో వాల్ అనే లాగ్‌లో రాసుకుని, ఆ తర్వాతే టేబుళ్ల ఫైళ్లలోకి చేరుస్తుంది. ఆదివారం నాటి ఆవర్జా నకలు, అక్కడి నుంచి ఈనాటి దాకా ఉన్న చిట్టా చేతిలో ఉంటే, నకలు మీద చిట్టాను వరుసగా ఎక్కించుకుంటూ వచ్చి మధ్యలో కావలసిన చోట ఆపవచ్చు. పోస్ట్‌గ్రెస్‌కు ఈ సౌకర్యం 2005లో వచ్చిన 8.0 వెర్షన్‌తో వచ్చింది. ఇదే పనికి ఇతర డేటాబేస్‌లైన మైఎస్‌క్యూఎల్‌లో బైనరీ లాగ్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రాన్సాక్షన్ లాగ్ బ్యాకప్‌లు, ఒరాకిల్‌లో ఆర్కైవ్ చేసిన రీడో లాగ్‌లు ఉపయోగపడతాయి. పేర్లు వేరైనా చిక్కు అన్నింటిలోనూ ఒకటే.

ఆగగలిగిన చోటుకు రెండు హద్దులు ఉంటాయి. కింది హద్దు పూర్తి బ్యాకప్ ముగిసిన క్షణం. ఆదివారం రాత్రి బ్యాకప్ 11:00కి మొదలై 11:40కి ముగిసిందనుకుంటే, ఆ నలభై నిమిషాల్లో ఒక్కో ఫైలు ఒక్కో సమయంలో నకలైంది. ఖాతాల ఫైలు 11:05 నాటిది, బిల్లుల ఫైలు 11:35 నాటిది కావచ్చు. 11:40 వరకు ఉన్న లాగ్ అంతా ఎక్కిన తర్వాతే ఆ నకలు ఒకదానితో ఒకటి పొసుగుతుంది. 11:20 దగ్గర ఆపమంటే, అడిగిన చోటు డేటా పొందిక కుదిరే చోటు కంటే వెనుక ఉందని చెప్పి పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. పై హద్దు చేతిలో ఉన్న చివరి లాగ్. చిన్న దుకాణాలు దెబ్బతినేది ఇక్కడే. పోస్ట్‌గ్రెస్ లాగ్‌ను మామూలుగా 16 మెగాబైట్ల ముక్కలుగా రాసి, ముక్క నిండాకే బ్యాకప్ చోటుకు పంపుతుంది. నిండకపోయినా ఫలానా వ్యవధికి పంపించే ఆర్కైవ్ టైమౌట్ అనే సెట్టింగ్ ఉంది గానీ, ఎవరూ ముట్టుకోకపోతే అది పనిచేయదు. బేరం తక్కువున్న రోజున ఒక ముక్క నిండడానికి గంటలు పట్టవచ్చు. అంటే ఆ ఉదయపు పద్దులన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లో లేకుండా, చెడిపోయిన ఆ కంప్యూటర్ లోపలే ఉండిపోయాయన్న మాట. అందుకే రీస్టోర్ మొదలుపెట్టే ముందు సర్వర్‌ను ఆపి, దాని లాగ్ ఫోల్డర్‌ను మొత్తంగా వేరే డిస్క్‌లోకి నకలు చేసుకోవాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో టెయిల్ లాగ్ బ్యాకప్, అంటే చివరి లాగ్ ముక్క బ్యాకప్, తీసేది ఇందుకే. పాత డేటా ఫోల్డర్‌ను తుడిచేసి అందులోనే రీస్టోర్ చేసేవారు ఈ చివరి ముక్కను తమ చేతులతోనే చెరిపేస్తారు. తర్వాత ఎంత జాగ్రత్తగా చోటు ఎంచుకున్నా దాన్ని అందుకునే లాగ్ ఉండదు.

రెండు హద్దుల మధ్య ఎక్కడ ఆపాలన్నప్పుడు అందరి నోటా మొదట వచ్చేది సమయం: 11:42కి ముందు ఆపండి. ఈ మాటలో మూడు గడియారాలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి మనిషి జ్ఞాపకం, రెండోది గోడ మీదో ఫోన్‌లోనో ఉన్న గడియారం, మూడోది సర్వర్ లోపలి గడియారం. లాగ్‌కు తెలిసింది మూడోది ఒక్కటే. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయిన కంప్యూటర్‌ను కరెంటు పోయి వచ్చాక ఆన్ చేస్తే పాత తేదీతో లేస్తుంది. ఇంటర్నెట్ అందాక గానీ సరిపడదు. ఒక్కోసారి ఎవరో చేత్తో సరిచేయబోయి రోజు తప్పు పెడతారు. పోస్ట్‌గ్రెస్‌కు ఆగవలసిన సమయం ఇస్తే, లాగ్‌ను వరుసగా చదువుకుంటూ వెళ్లి, ఆ సమయాన్ని మించిన కమిట్ మొదటిసారి ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగిపోతుంది. ఈ నియమాన్ని తప్పు గడియారంతో కలిపి చూస్తే ఫలితం ఎంత విచిత్రంగా ఉంటుందో తెలుస్తుంది. మంగళవారం నాడు ఓ పది నిమిషాలు సర్వర్ తేదీ పొరపాటున శుక్రవారంగా ఉండి, ఆ వ్యవధిలో ఒక్క బిల్లు కొట్టినా, గురువారం 11:42 దాకా నడవమన్న రీస్టోర్ మంగళవారమే ఆగిపోతుంది. చూసేవారికి రీస్టోర్ విజయవంతంగా ముగిసినట్టే కనిపిస్తుంది, రెండు రోజుల బిల్లులు మాత్రం ఉండవు. సర్వర్ గడియారం ఎంత తేడాగా ఉందో తేల్చడానికి చవకైన మార్గం ఒకటుంది. అదే రోజు యూపీఐలో చెల్లింపు జరిగిన బిల్లు ఒకటి తీసి, ఫోన్‌కు వచ్చిన చెల్లింపు సందేశంలోని సమయాన్ని డేటాబేస్‌లో ఆ బిల్లు నమోదైన సమయంతో పోల్చాలి. అలాంటివి మూడు నాలుగు చూస్తే తేడా నిలకడగా ఉందో లేదో కూడా బయటపడుతుంది.

కాలమానం మరో వల. ఒడిశా, ఆంధ్ర రెండింటిదీ ఒకే సమయం కాబట్టి సరిహద్దులో ఎవరికీ ఈ ఆలోచన రాదు. కానీ సర్వర్ క్లౌడ్‌లో ఉంటే దాని గడియారం సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంటుంది. మన 11:42 అక్కడ 06:12. సమయం పక్కన ఐఎస్‌టీ అని రాస్తే చాలదా అంటే, అది మరీ ప్రమాదం. పోస్ట్‌గ్రెస్ మామూలు సంక్షిప్తాల పట్టికలో ఐఎస్‌టీ అంటే ఇజ్రాయెల్ కాలమానం, యూటీసీకి రెండు గంటలు ముందు. సెట్టింగుల వరుసను బట్టి ఆ సంక్షిప్తాన్ని సర్వర్ తిరస్కరించవచ్చు. అంగీకరిస్తే మాత్రం 11:42 అని రాసినది మన మధ్యాహ్నం 3:12 అయిపోతుంది, తప్పు ఆదేశం నిక్షేపంగా మళ్లీ ఎక్కుతుంది. ప్లస్ 05:30 అని అంకెల్లో గానీ, ఏషియా కోల్‌కతా అన్న పూర్తి పేరుతో గానీ రాయడం ఒక్కటే నమ్మదగిన పద్ధతి. మైఎస్‌క్యూఎల్ బైనరీ లాగ్‌ను చదివే మైఎస్‌క్యూఎల్‌బిన్‌లాగ్ అనే పరికరం సమయాన్ని తాను నడుస్తున్న కంప్యూటర్ కాలమానంలో అర్థం చేసుకుంటుంది. అందువల్ల ఒకే ఆదేశం దుకాణం కంప్యూటర్‌లో ఒక చోట, క్లౌడ్ యంత్రంలో మరో చోట ఆగుతుంది.

ఇవన్నీ సరిచూసుకున్నా సమయం మొరటు కొలతే. అసలు రీస్టోర్ ఆగేది రెండు క్షణాల మధ్య కాదు, రెండు కమిట్‌ల మధ్య. డేటాబేస్ దృష్టిలో ట్రాన్సాక్షన్ (ఒకే మూటగా ఖరారయ్యే మార్పులు) ఎప్పుడు మొదలైందన్నది లెక్కలోకి రాదు, ఎప్పుడు కమిట్ అయిందన్నదే లెక్క. మన ఉదాహరణలో తప్పు ఆదేశం 11:38కి మొదలైంది కదా అని 11:37 దగ్గర ఆపేస్తే, 11:38 నుంచి 11:42 వరకు కమిట్ అయిన మంచి బిల్లులు అనవసరంగా పోతాయి. 11:42:17 కమిట్‌కు సరిగ్గా ముందు ఆపితే ఆ నాలుగు నిమిషాల బిల్లులు నిలుస్తాయి. తప్పు ఆదేశం రాసిన మార్పులు లాగ్‌లో ఉన్నా, దాని కమిట్ చేరలేదు కాబట్టి అవి ఎవరికీ కనబడవు. రద్దీ వేళల్లో ఒకే సెకనులో ఆ ముందూ ఈ వెనుకా రెండు మూడు బిల్లులు కమిట్ కావచ్చు. అప్పుడు సెకన్లతో చెప్పిన చోటు ఎటు తెగుతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి సమయాన్ని వెతకడానికి వాడి, ఆపడానికి లాగ్‌లోని గుర్తును వాడాలి.

ఆ గుర్తును పట్టుకోవడం అనుకున్నంత కష్టమేమీ కాదు. చెడిపోయిన డేటాబేస్ ఇంకా తెరుచుకుంటుంటే సాక్ష్యం అందులోనే ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి రికార్డుకూ ఎక్స్‌మిన్ అనే దాగిన నిలువు వరుస ఒకటి ఉంటుంది. ఆ రికార్డు ఇప్పటి రూపాన్ని రాసిన ట్రాన్సాక్షన్ సంఖ్య అందులో ఉంటుంది. బిల్లుల టేబుల్‌ను ఎక్స్‌మిన్ వారీగా లెక్కపెట్టమంటే, మామూలు బిల్లులకు ఒక్కో సంఖ్య కింద ఒకటో రెండో రికార్డులు వస్తాయి. ఖాతాలు కలిపేసిన ఆదేశానికి మాత్రం ఒకే సంఖ్య కింద వేలాది రికార్డులు వస్తాయి. ఆ సంఖ్య 48213 అనుకుందాం. తర్వాత పీజీ వాల్‌డంప్ అనే పరికరంతో గురువారం ఉదయపు లాగ్ ముక్కలను చదివితే, ట్రాన్సాక్షన్‌కు సంబంధించిన వరుసల్లో 48213 పక్కన కమిట్ అన్న మాట, దాని సమయం సెకనులో పదిలక్షవ వంతు దాకా, లాగ్‌లో దాని చోటు కనిపిస్తాయి. ఆ వరుసకు పైన ఏ బిల్లు కమిట్ అయింది, కింద ఏది కమిట్ అయిందన్నది కూడా కళ్లెదుటే ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఆదేశాన్ని నడిపిన సాఫ్ట్‌వేర్ సేవ్‌పాయింట్‌లు (ట్రాన్సాక్షన్ మధ్యలో పెట్టే మజిలీ గుర్తులు) వాడే రకమైతే ఎక్స్‌మిన్‌లో దొరికేది ఉప ట్రాన్సాక్షన్ సంఖ్య అవుతుంది. దాని పేరుతో విడిగా కమిట్ ఉండదు. అసలు ట్రాన్సాక్షన్ కమిట్ వరుసలో ఉప సంఖ్యల జాబితాగా కనిపిస్తుంది. ఆపడానికి ఇవ్వవలసింది ఆ అసలు సంఖ్య.

ఇచ్చేటప్పుడు రెండు సెట్టింగులు జంటగా వెళ్లాలి. ఆగవలసిన ట్రాన్సాక్షన్ సంఖ్య 48213 అని ఒకటి, దాన్ని కలుపుకోవద్దని మరొకటి. రెండోది మరిచిపోతే, మామూలుగా పోస్ట్‌గ్రెస్ కలుపుకునే ఆగుతుంది. అంటే తప్పు ఆదేశం కమిట్ అయిన తర్వాతే ఆగుతుంది. ఇంత వెతుకులాట ఈ ఒక్క మాట మరిచిపోవడం వల్ల వృథా అవుతుంది. సంఖ్య పెద్దదైతే తర్వాతిదనీ చిన్నదైతే ముందుదనీ అనుకోవడం మరో పొరపాటు. సంఖ్యలు రాయడం మొదలైన క్రమంలో ఇస్తారు, కమిట్‌లు ముగిసిన క్రమంలో పడతాయి. 11:40కి మొదలై అప్పుడే కమిట్ అయిన బిల్లుకు 48213 కంటే పెద్ద సంఖ్య ఉన్నా, 48213 ముందు ఆపిన రీస్టోర్‌లో అది భద్రంగా ఉంటుంది.

మైఎస్‌క్యూఎల్ వాడేవారికి ఇదే తర్కం ఇంకా గట్టిగా వర్తిస్తుంది. బైనరీ లాగ్‌లో ట్రాన్సాక్షన్లు కమిట్ క్రమంలో చేరుతాయి గానీ, లోపలి మార్పుల మీద ఉండే సమయం ఆ ఆదేశం మొదలైనప్పటిది. నాలుగు నిమిషాలు నడిచిన ఆదేశం 11:38 ముద్రతో, 11:42 బిల్లుల మధ్య కూర్చుని ఉంటుంది. సమయం ఇచ్చి ఆపితే, దీని ముందున్న బిల్లు మీది 11:41 ముద్రను చూసి ఆగవచ్చు; లేదా 11:38 ముద్ర చూసి ఇది పాతదే కదా అని దీన్ని కూడా ఎక్కించవచ్చు. అందుకే ముందు సుమారు సమయంతో లాగ్‌ను ఒక ఫైల్‌లోకి రాయించుకోవాలి. రికార్డుల మార్పులను చదవగలిగే రూపంలో చూపించమన్న ఎంపికతో తప్పు ఆదేశాన్ని కళ్లతో గుర్తించి, అది మొదలయ్యే పొజిషన్ సంఖ్యను ఆపే చోటుగా ఇవ్వాలి. జీటీఐడీలు (ఒక్కో ట్రాన్సాక్షన్‌కు ఇచ్చే ప్రత్యేక గుర్తింపులు) వాడుతుంటే మైఎస్‌క్యూఎల్‌కు ఒక అదనపు వెసులుబాటు ఉంది: ఆ ఒక్క ట్రాన్సాక్షన్‌ను వదిలేసి తర్వాతివన్నీ ఎక్కించమనవచ్చు. వినడానికి బాగుంటుంది. తర్వాతి పనులు ఆ తప్పు మీద ఆధారపడి ఉంటే మాత్రం లెక్కలు వంకరపోతాయి. కలిసిపోయిన ఖాతా మీద కొట్టిన బిల్లును కలవని ఖాతాల మీద ఎక్కిస్తే, అది ఎవరి పద్దు కిందికి పోవాలో డేటాబేస్‌కు తెలియదు.

రీస్టోర్ ముందుకే నడుస్తుంది, వెనక్కి నడవదు. ఈ ఒక్క స్వభావం నుంచి పద్ధతి మొత్తం పుడుతుంది. అనుమానం ఉన్నప్పుడు కాస్త వెనుకటి చోటునే ఎంచుకుని, ఆగి, చూసి, సరిపోకపోతే కొంచెం ముందుకు జరపాలి. దాటి వెళ్లిన తర్వాత వెనక్కి రావాలంటే ఆదివారం నకలు నుంచి మళ్లీ మొదలుపెట్టక తప్పదు. పోస్ట్‌గ్రెస్ చేరవలసిన చోటు చేరాక మామూలుగా పాజ్ అవుతుంది. ఆ స్థితిలో డేటాను చదవవచ్చు, మార్చలేరు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో స్టాండ్‌బై పద్ధతి ఇలాంటిదే. ఆ పాజ్‌లో చూడవలసినవి కొన్నే: చివరి బిల్లు నంబరు ఎంత, గొడవపడిన డీలరు బాకీ ఎంత, 37తో మొదలయ్యే ఖాతాలు విడివిడిగా ఉన్నాయా, ఆ ఉదయం చేతిరాత క్యాష్ పుస్తకంలో ఉన్న మొత్తం కలుస్తోందా. నచ్చకపోతే సర్వర్‌ను ఆపి, చోటును ముందుకు మార్చి మళ్లీ లేపవచ్చు. కొనసాగించమన్న ఆదేశం ఇస్తే మాత్రం రికవరీ ముగిసిపోతుంది, డేటాబేస్ రాయడానికి తెరుచుకుంటుంది, కొత్త టైమ్‌లైన్, అంటే అక్కడి నుంచి చీలిన కొత్త లాగ్ దారి, మొదలవుతుంది. కొనసాగించమంటే లాగ్‌లో ఇంకొంచెం ముందుకు వెళ్తుందనుకుని ఆ ఆదేశం ఇచ్చేవారు అక్కడే ఇరుక్కుంటారు.

టైమ్‌లైన్ అన్నది మొదటిసారి బాగానే జరిగినవారికి కనిపించదు. తప్పుచోట తెరిచి, మళ్లీ ప్రయత్నించేవారికి ఎదురవుతుంది. పోస్ట్‌గ్రెస్ 12 నుంచి, మరోలా చెప్పకపోతే, రీస్టోర్ అన్నిటికన్నా కొత్త టైమ్‌లైన్ వెంట వెళ్తుంది. మొదటి ప్రయత్నంలో 11:30 దగ్గర తెరిచేసి, రెండోసారి 11:42 దాకా వెళ్లాలనుకుంటే, అది 11:30 దగ్గర మొదటి ప్రయత్నం వేసిన పక్కదారిలోకి మళ్లుతుంది. అసలు దారిలోని పన్నెండు నిమిషాల బిల్లులు దానికి కనిపించవు. పాత టైమ్‌లైన్ సంఖ్యను పేరుపెట్టి అడగాలి. ప్రయోగాలు చేసే నకలులో ఆర్కైవింగ్‌ను, అంటే లాగ్ ముక్కలను బ్యాకప్ చోటుకు పంపడాన్ని, ఆపేసి ఉంచితే, ఈ పక్కదారుల ఫైళ్లు అసలు లాగ్ నిల్వలో చేరవు.

ఇంకో చిన్న విషయం. ఇచ్చిన సమయం తర్వాత లాగ్‌లో ఒక్క కమిట్ కూడా లేకపోతే ఆగవలసిన చోటు చేరినట్టు సర్వర్‌కు తెలియదు. రాత్రి 9:12కి చివరి బిల్లు కొట్టి దుకాణం మూసినప్పుడు, 10:00 దాకా రీస్టోర్ చేయమని అడిగితే, పోస్ట్‌గ్రెస్ 13 నుంచి అది లోపంగా పరిగణించి ఆగిపోతుంది. అంతకు ముందు వెర్షన్‌లు లాగ్ అయిపోయిన చోట మాట్లాడకుండా తెరిచేసేవి. కొత్త ప్రవర్తన చిరాకుగా ఉన్నా మంచిదే. పైన చెప్పిన ఇజ్రాయెల్ కాలమానం వంటి పొరపాట్లు కొన్ని ఈ లోపం రూపంలోనే బయటపడతాయి.

ఇంతవరకు చెప్పింది డేటాబేస్ దృష్టిలో సురక్షితమైన చోటు. వ్యాపారం దృష్టిలో అది సురక్షితం కాకపోవచ్చు. తక్కువ ధరకు రాయించుకున్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో బిల్లు ఒక ట్రాన్సాక్షన్‌లో, స్టాకు తగ్గింపు మరో ట్రాన్సాక్షన్‌లో కమిట్ అవుతాయి. ఆ రెండింటి మధ్య ఆగితే డేటాబేస్ తన నియమాల ప్రకారం పొందికగానే ఉంటుంది. పప్పు బస్తాలు మాత్రం బిల్లులో పోయి గోదాములో మిగులుతాయి. బిల్లింగ్ ఒక డేటాబేస్‌లో, గోదాము వేరే డేటాబేస్‌లో ఉంటే ఒకదాన్ని వెనక్కి తీసుకెళ్లినప్పుడు రెండోది అక్కడే ఉండిపోతుంది. అందువల్ల తప్పు కమిట్‌కు సరిగ్గా ముందున్న చోటు కంటే, అంతకు కాస్త ముందు లాగ్‌లో ఏ కమిట్‌లూ లేని విరామం దొరికితే అది మేలు. ఒకటి రెండు బిల్లులు మళ్లీ ఎక్కించుకోవలసి వచ్చినా, సగం తెగిన పద్దు ఏదో వెతికే బాధ తప్పుతుంది. దుకాణంలో అలాంటి విరామాలు ఉంటూనే ఉంటాయి. లారీ దించేటప్పుడు పది నిమిషాలు ఎవరూ కౌంటర్ దగ్గర ఉండరు. ఆ ఖాళీ లాగ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది.

డేటాబేస్ వెనక్కి వెళ్లినా బయటి ప్రపంచం వెళ్లదు. 11:42 తర్వాతి 26 బిల్లుల కాగితాలు ఖాతాదారుల చేతుల్లో ఉన్నాయి. రీస్టోర్ తర్వాత సాఫ్ట్‌వేర్‌కు తెలిసిన చివరి బిల్లు 1183. తలుపులు తెరవగానే అది మళ్లీ 1184 కొడుతుంది. జీఎస్‌టీ నియమాల ప్రకారం ఇన్‌వాయిస్ నంబర్లు వరుసగా ఉండాలి, ఆర్థిక సంవత్సరంలో ఒక నంబరు ఒక్కసారే రావాలి. పాతపట్నం దుకాణం దగ్గర ఒక 1184, కాశీనగర్ దుకాణం దగ్గర ఇంకో 1184 ఉంటే రిటర్నుల్లో తేడా తప్పదు. కాబట్టి తెరిచే ముందే తర్వాతి నంబరును 1210కి జరపాలి, ఆపైన 26 బిల్లులను వాటి పాత నంబర్లతోనే ప్రతుల నుంచి మళ్లీ ఎక్కించాలి. పోస్ట్‌గ్రెస్‌లో వరుస సంఖ్యలు ఇచ్చే సీక్వెన్స్‌ను బిల్లు నంబరుకు నేరుగా వాడినవారికి మరో ఆశ్చర్యం ఎదురవుతుంది. సీక్వెన్స్ లాగ్‌లో 32 విలువలు ముందుగానే రాసుకుంటుంది గనుక రీస్టోర్ తర్వాత నంబరు ఒక్కసారిగా ముందుకు గెంతవచ్చు. ఖాళీలు లేని వరుస కావలసిన చోట సీక్వెన్స్ వాడడమే సరైన ఎంపిక కాదు. ఇక సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లు. సరిహద్దు దాటే సరుకు విలువ 50,000 రూపాయలు మించితే అది తప్పనిసరి. దాని నంబరు పుట్టేది ప్రభుత్వ పోర్టల్‌లో. మన డేటాబేస్‌లో ఆ బిల్లు చెరిగిపోయినా పోర్టల్‌లో ఈ-వే బిల్లు ఉంటుంది, లారీ అప్పటికి సరిహద్దు దాటి ఉంటుంది. రద్దు చేయడానికి పుట్టినప్పటి నుంచి 24 గంటలే గడువు. అయినా సరుకు నిజంగా కదిలినప్పుడు రద్దు చేయవలసిన పనేమీ లేదు. నంబరును మళ్లీ ఎక్కించిన బిల్లుకు జతచేయడమే పని. యూపీఐ చెల్లింపులదీ ఇదే కథ.

ఇలా లెక్కవేస్తే, చోటు ఎంచుకోవడమంటే ఏ పనిని మళ్లీ చేతితో ఎక్కించడానికి సిద్ధపడుతున్నామో ఎంచుకోవడం. కాగితం ప్రతి ఉన్న 26 బిల్లులు పోయినా ఒక సాయంత్రం కూర్చుంటే తిరిగి వస్తాయి. ఫోన్‌లో చెప్పిన ధర మార్పులు, నోటిమాటగా ఇచ్చిన వాయిదాలు ఆ 48 నిమిషాల్లో నమోదైతే అవి ఎక్కడి నుంచీ తిరిగి రావు.

అసలు మొత్తం డేటాబేస్‌ను వెనక్కి తీసుకెళ్లడం ఈ ఉదాహరణలో సరైన పనేనా అన్న ప్రశ్న కూడా అడగాలి. చెడింది బిల్లులకూ ఖాతాలకూ ఉన్న లంకె ఒక్కటే. పక్కన మరో కంప్యూటర్‌లో, అది దొరక్కపోతే అదే కంప్యూటర్‌లో వేరే ఫోల్డర్‌లో, వేరే పోర్టులో, 48213కు ముందు వరకు రీస్టోర్ చేసి, అక్కడి నుంచి ఏ బిల్లు ఏ ఖాతాదన్న పట్టికను తీసుకుని అసలు డేటాబేస్‌లో సరిచేస్తే 26 బిల్లులూ ఎక్కడివక్కడే ఉంటాయి. తప్పు తర్వాత కలిసిపోయిన ఖాతా మీద పడిన బిల్లులను మాత్రం చూసి విడదీయాలి, అవి ఎన్నో ఉండవు. చిన్న వ్యాపారాల్లో ఒకటి రెండు టేబుళ్లకు పరిమితమైన మనిషి పొరపాట్లకు ఈ దారే మెరుగు. ఈ దారిలో ఆగే చోటు మీద ఒత్తిడి కూడా తగ్గుతుంది. రెండు నిమిషాలు ముందు ఆగినా ఆ రెండు నిమిషాల్లో పుట్టిన బిల్లుల లంకెలే లోటు. డిస్క్ చెడిపోయినా, వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేసినా, చెడు ఎక్కడిదాకా పాకిందో తెలియకపోయినా మొత్తం వెనక్కి వెళ్లడం తప్పదు.

కొన్ని తప్పులు కనిపించేది చాలా ఆలస్యంగా. గురువారం దొరికిన తేడాకు మూలం మంగళవారం ఎక్కించిన తప్పుడు ధరల పట్టిక కావచ్చు. అప్పుడు 'తప్పుకు ముందు' అంటే మంగళవారం అని అర్థం, వెల మూడు రోజుల పద్దులు. అలాంటప్పుడు వెనక్కి వెళ్లకుండా పక్క నకలు నుంచి ధరలు తెచ్చి బిల్లులను సవరించడం తప్ప వేరే తెలివైన దారి లేదు. అందుకని తేడా కనబడగానే ఆగే చోటు వెతకడం మొదలుపెట్టకుండా, తేడా ఉన్న అతి పాత రికార్డు ఏదో ముందు వెతకాలి.

చోటును తర్వాత వెతుక్కునే బదులు ముందే గుర్తు పెట్టుకునే వీలు దాదాపు అన్ని డేటాబేస్‌లలో ఉంది, వాడేవారే తక్కువ. పోస్ట్‌గ్రెస్‌లో రిస్టోర్ పాయింట్‌కు ఒక పేరు పెట్టవచ్చు; ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రాన్సాక్షన్‌కు మార్క్ వేసి, దానికి ముందు ఆపమని పేరుతోనే చెప్పవచ్చు; మైఎస్‌క్యూఎల్‌లో కొత్త బైనరీ లాగ్ ఫైల్ మొదలుపెట్టించి దాని పేరు కాగితం మీద రాసుకుంటే చాలు. ఖాతాలు కలపడం, ధరలు మార్చడం, సంవత్సరాంతం ముగింపు వంటి పనులకు ముందు ఈ గుర్తు వేయడానికి క్షణం పట్టదు. పేరు మాత్రం ప్రతిసారీ కొత్తది కావాలి. ఒకే పేరు రెండుసార్లు పెడితే పోస్ట్‌గ్రెస్ మొదటిసారి కనిపించిన చోటే ఆగుతుంది, అది పోయిన నెలదైనా సరే. తేదీ, పని, చేసేవారి పొడి అక్షరం కలిపి పేరు పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

డేటాబేస్ తెరిచి, బిల్లులు మళ్లీ ఎక్కించిన రాత్రే కొత్త పూర్తి బ్యాకప్ తీసుకోవాలి. లేకపోతే తర్వాతి రీస్టోర్ పాత నకలు నుంచి బయలుదేరి రెండు టైమ్‌లైన్‌ల గుండా నడవాలి. చెడిన డేటా ఫోల్డర్, దాని లాగ్, ఆదివారం బ్యాకప్ మూడింటినీ వేరే డిస్క్‌లో తీసి పక్కన పెట్టాలి. నెలవారీ అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1 దాఖలు చేసేది మరుసటి నెల 11వ తేదీ లోపు. 21, 37 ఖాతాల మధ్య తప్పిన బిల్లు ఏదైనా మిగిలి ఉంటే బయటపడేది ఆ పట్టికలు తయారుచేసేటప్పుడే కాబట్టి, కనీసం అప్పటిదాకా ఆ డిస్క్‌ను ఇంకే పనికీ వాడకూడదు.